లాప్‌టాప్‌ని బీరువా ఎక్కించే ముందు: టాబ్లెట్, కీబోర్డుతో పని గడుస్తుందా?

పోయిన ఎండాకాలంలో మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, లాప్‌టాప్ మడత దగ్గర విరిగిపోయింది. రిపేరుకి పెట్టే డబ్బులు దీనికి దండగ. ఓ టాబ్లెట్ తీసుకుని కీబోర్డు తగిలించుకుంటే సరిపోద్ది గదా, ఏందంటావు?"

ఆయనకి ఇందుకూరుపేట వైపు రెండు రొయ్యల గుంటలున్నాయి, దాంతోపాటు మేతా మందులూ అమ్మే కొట్టు. నేనుండేది కావలిలో. ఆ కొట్టు లెక్కలు నేనే చూస్తాను కాబట్టి నెలకి రెండు మూడుసార్లు నెల్లూరు వెళ్లొస్తుంటాను, ఏడాదిగా సంచిలో టాబ్లెట్, కీబోర్డే వేసుకుని తిరుగుతున్నాను. అందుకని నన్నడిగాడు. సరిపోద్ది అనలేదు, సరిపోదనీ అనలేదు. "లాప్‌టాప్‌లో ఏమేం చేస్తావో రాసి వాట్సాప్‌లో పంపు" అన్నాను. ఐదు నిమిషాలకి ఒకటే మాట వచ్చింది: "అన్నీ."

ఆ "అన్నీ" దగ్గరే మనం బోల్తా పడేది. అందుకని మొదటి పని షాపుకి వెళ్లడం కాదు, రేట్లు చూడటమూ కాదు. లాప్‌టాప్ పక్కన ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. వారం రోజులపాటు మూత తెరిచిన ప్రతిసారీ ఎందుకు తెరిచారో ఒక్క ముక్క రాయండి. బ్యాంకు, యూట్యూబ్, ఎక్సెల్, బిల్లు ప్రింటు, టాలీ, మెయిల్, మీభూమి సైటులో పొలం అడంగల్, ఏదైనా సరే. నెలకోసారో ఏడాదికోసారో చేసే పనులు ఆ వారంలో రావు, వాటిని గుర్తు చేసుకుని చివరి పేజీలో రాసుకోండి. మోసపోయేది ఎక్కువగా ఈ చివరి పేజీతోనే.

ఇప్పుడు ఒక్కో పని ఎక్కడ నడుస్తుందో చూడాలి. బ్రౌజర్‌లో నడిచేవన్నీ దాదాపు టాబ్లెట్‌లో నడుస్తాయి. పేజీ ఫోన్ సైజులో ఇరుగ్గా వస్తే మెనూలో డెస్క్‌టాప్ సైట్ అని ఉంటుంది, అది నొక్కితే చాలు. మెయిల్, వీడియో కాల్, పీడీఎఫ్ చదవడం, సంతకం పెట్టడం లాంటివైతే టాబ్లెట్‌లోనే హాయి. చిక్కంతా విండోస్ కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లతోనూ, వైరు గుచ్చితేగానీ పనిచేయని వస్తువులతోనూ వస్తుంది.

ముందు టాలీ సంగతి, ఎందుకంటే మా జిల్లాలో చిన్న కొట్టు నుంచి రైసుమిల్లు దాకా అందరి లెక్కలూ అందులోనే ఉంటాయి. టాలీ విండోస్ ప్రోగ్రామ్. ఆండ్రాయిడ్‌లోగానీ ఐప్యాడ్‌లోగానీ నేరుగా పెట్టుకునే వీల్లేదు. ఇంకో సంగతి, టాలీ అలవాటైనవాళ్లు మౌస్ ముట్టరు. ఎఫ్5 పేమెంటు, ఎఫ్6 రిసీటు, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, వేళ్లు వాటంతట అవే పోతాయి. టాబ్లెట్‌కి వచ్చే చిన్న కీబోర్డుల్లో ఆ ఎఫ్ వరస చాలావాటికి ఉండదు, ఉన్నా ఇంకో మీట కలిపి నొక్కాలి. రోజుకి వంద బిల్లులు ఎక్కించేవాళ్లకి అదొక్కటే చాలు విసుగు పుట్టడానికి.

దీనికొక దారి ఉంది, నేను చేసేది అదే. పాత లాప్‌టాప్‌నో డెస్క్‌టాప్‌నో ఇంట్లో ఆన్ చేసి ఉంచి, బయట నుంచి టాబ్లెట్ ద్వారా దాని తెరనే తెచ్చుకోవడం. దానికి వాడే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితం, విండోస్ హోమ్ ఎడిషన్‌లో కూడా పనిచేస్తుంది. విండోస్‌లో సొంతంగా వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇంట్లో మెషీన్‌లోకి వెళ్లాలంటే మాత్రం ఆ మెషీన్‌లో ప్రో ఎడిషన్ ఉండాలి. ఒకసారి రెండువైపులా అదే గూగుల్ ఖాతాతో పెట్టి పిన్ ఇచ్చుకుంటే చాలు. రెండు సెట్టింగులు మర్చిపోకండి: మెషీన్ నిద్రపోకూడదు, మూత వేసినా ఆగకూడదు. ఇంకొకటి సెట్టింగుల్లో దొరకదు, అది కరెంటు. ఇంట్లో కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటుందేమోగానీ నెట్ బాక్సు ఆగిపోతుంది, నెల్లూరులో కూర్చున్న నాకు కావలిలో తెర నల్లగా అయిపోతుంది. ఇన్వర్టర్ లైనులో నెట్ బాక్సుని కూడా కలిపించాక ఆ బాధ పోయింది.

అంటే నిజానికి మా ఇంట్లో లాప్‌టాప్ పోలేదు. బయట తిరగడం మానేసిందంతే. ఈ తేడా ఎవరూ చెప్పరు. టాబ్లెట్ మీద లాప్‌టాప్ పనంతా చేస్తున్నామని వీడియోలు పెట్టేవాళ్లలో చాలామందికి ఇంట్లో మూలన ఇంకో మెషీన్ ఉంటుంది.

జీఎస్టీ గురించి చాలామంది భయపడతారు. పోర్టల్ టాబ్లెట్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. సొంత కొట్టు, ప్రొప్రైటరు పేరు మీద ఉన్నదైతే రిటర్నుకి ఫోనుకొచ్చే ఓటీపీతో సంతకం అయిపోతుంది, నెలనెలా 11వ తేదీలోపు వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 20వ తేదీలోపు వేసే పన్ను లెక్క జీఎస్టీఆర్-3బీ, రెండూ నేను టాబ్లెట్‌లోంచే వేసిన నెలలున్నాయి. కానీ కంపెనీకో, ఎల్ఎల్‌పీ అనే రకం భాగస్వామ్య సంస్థకో వేయాలంటే డిజిటల్ సంతకం తప్పనిసరి. అది పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది, దానికి డ్రైవరూ సంతకం చేసే సాఫ్ట్‌వేరూ కంప్యూటర్‌లో ఎక్కించాలి. టాబ్లెట్‌కి ఆ టోకెన్ గుచ్చి చూస్తూ కూర్చున్నా ఏమీ జరగదు. జీఎస్టీ వాళ్లిచ్చే ఆఫ్‌లైన్ టూల్ కూడా విండోస్‌దే.

ఇక ఎక్సెల్. ఇక్కడ నేనూ దెబ్బతిన్నాను. గుంటలవారీగా రోజూ ఎంత మేత వేశారు, రొయ్యలు తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, రొయ్య ఎంత కౌంట్‌లో (కిలోకి ఎన్ని) ఉంది, ఇవన్నీ ఎక్కించి కింద ఒక బటన్ నొక్కితే మేతకీ పెరిగిన బరువుకీ లెక్క తేలేలా ఒక షీటు చేసుకున్నాను. ఆ బటన్ వెనక మ్యాక్రో ఉంది, అంటే నొక్కగానే పనులన్నీ వరసగా చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్. టాబ్లెట్‌లో తెరిస్తే షీటు చక్కగా వచ్చింది, బటన్ కనిపించింది, నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. ఫోన్లలో, టాబ్లెట్లలో వచ్చే ఎక్సెల్‌లో మ్యాక్రోలు నడవవు. రెండు ఆదివారాలు కూర్చుని మొత్తం మామూలు ఫార్ములాలతో మళ్లీ కట్టాను. మీ షీట్లలో మ్యాక్రో ఉందో లేదో కొనక ముందే చూసుకోండి. ఫైల్ పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్ఎమ్ అని ఉంటే ఉన్నట్టే.

ఎక్సెల్‌లోనే ఇంకో మెలిక. 10.1 అంగుళాలు, అంతకన్నా చిన్న తెర ఉన్నవాటిలో వర్డ్, ఎక్సెల్‌లో మామూలు ఎడిటింగ్ ఉచితం. అంతకన్నా పెద్ద తెరైతే సబ్‌స్క్రిప్షన్ కట్టమంటుంది. ఇప్పుడొచ్చే టాబ్లెట్లు చాలావరకు 11 అంగుళాలు! ఆ ఖర్చు వద్దనుకుంటే గూగుల్ షీట్స్‌కి అలవాటు పడటం మేలు, నెట్ లేనిచోట కూడా పనిచేయాలంటే ముందే ఆ ఫైల్‌ని ఆఫ్‌లైన్‌కి పెట్టుకోవాలి. గుంట కట్ట మీద సిగ్నల్ ఎట్టా ఉంటుందో తెలుసుగా.

తెలుగు టైపింగు అడిగేవాళ్లు చాలామంది. ఫోన్ తెర మీద ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడే సౌకర్యానికి మనం మరిగిపోయాం. నా టాబ్లెట్‌కి కీబోర్డు తగిలించగానే అది పోయింది, తెర మీద కీబోర్డు మాయమై, కొట్టిన ఇంగ్లీషు ఇంగ్లీషుగానే పడింది. ఒక్కో మీటకి ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్చుకున్నాను, మూడు వారాలు పట్టింది, ఇప్పుడు బాగానే ఉంది. విండోస్‌లో అయితే ఈ గొడవ లేదు, 2019 అప్‌డేట్ నుంచి ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఫొనెటిక్ కీబోర్డు దాంట్లోనే వస్తుంది. మీకు తెలుగులో రాయడమే ముఖ్యమైన పనైతే షాపులోనే కీబోర్డు తగిలించి "క్షమించండి" అని ఒకసారి కొట్టి చూడండి, సంగతి తేలిపోతుంది.

శుభలేఖలు, కరపత్రాలు చేసే మిత్రుడొకడు నెల్లూరులో ఉన్నాడు. వాడు నన్ను చూసి టాబ్లెట్ కొందామనుకున్నాడు. వద్దురా బాబూ అన్నాను. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పనికి, ఇప్పటికీ పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ ఆఖరి పెద్ద వెర్షన్ 7.0, అది 2001లో వచ్చింది, ఇన్నేళ్లయినా మన ప్రెస్సుల్లో దాని మీదే పని నడుస్తోంది. అను ఫాంట్లు అన్ని మెషీన్లలో ఒకేలా కనిపించే యూనికోడ్ కాదు, అందులో కొట్టిన వాక్యాన్ని టాబ్లెట్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఇలాంటి పనివాళ్లు టాబ్లెట్ జోలికి పోకపోవడమే మంచిది.

బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చేరిన మా మేనకోడలికీ వద్దనే చెప్పాను. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోనే ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో నడవదు, ఇంకేం చెప్పాలి. అదే ఇంటర్, డిగ్రీ, గ్రూప్స్ ప్రిపరేషన్ వాళ్లకైతే పెన్నుతో నోట్సు రాసుకునే టాబ్లెట్ లాప్‌టాప్ కన్నా నయం. టీచర్లకి కూడా అంతే.

జాబితా రాశారు, ఏది ఎక్కడ నడుస్తుందో చూశారు. ఇప్పుడు కూడా కొనొద్దు. పదిహేను రోజులు ఒక పరీక్ష పెట్టుకోండి. ఎవరిదైనా టాబ్లెట్ అడిగి తెచ్చుకోండి, దొరక్కపోతే మీ ఫోనుకే బ్లూటూత్ కీబోర్డూ మౌసూ జత చేయండి. తెర చిన్నదే, కళ్లు లాగుతాయి, కానీ ఏ పని అవుతుంది ఏది కాదు అన్నది దాదాపు టాబ్లెట్‌లో తెలిసినట్టే తెలుస్తుంది. లాప్‌టాప్‌ని తీసుకెళ్లి బీరువా మీద పెట్టేయండి. చేతికందేలా ఉంచితే చేయి దాని మీదకే పోతుంది, స్టూలు వేసుకుంటేనేగానీ అందకూడదు. దించిన ప్రతిసారీ తేదీ, కారణం రాసుకోండి. మా బావమరిది పదిహేను రోజుల్లో నాలుగుసార్లు దించాడు. మూడుసార్లు ప్రింటు కోసం, ఒకసారి టాలీ కోసం. ఆయన చెప్పిన "అన్నీ" అదన్నమాట.

ప్రింటు సంగతి తేలిగ్గానే తేలుతుంది. ప్రింటర్‌కి వైఫై ఉంటే టాబ్లెట్ నుంచి నేరుగా వస్తుంది. కొట్లలో ఉండే పాత లేజర్ ప్రింటర్లు చాలావాటికి యూఎస్‌బీ వైరు తప్ప ఇంకేమీ ఉండదు, వాటికి ఆండ్రాయిడ్‌లో డ్రైవర్ దొరకడం కష్టం. బాగా పనిచేస్తున్న ప్రింటర్‌ని దీనికోసం మార్చకండి, మెషీన్ ఇంట్లోనో కొట్లోనో ఉంటే దానికే తగిలించి ఉంచండి.

ఇప్పుడు కీబోర్డు. టాబ్లెట్ కన్నా దీని మీదే ఎక్కువసేపు ఆలోచించండి, ఎందుకంటే చేతులు ఉండేది దాని మీద. నా మొదటి కీబోర్డు కేసు నెల్లూరులో ఒక షాపులో బాక్సు తెరవకుండా కొన్నాను, తెరిచి చూపించమంటే సీలు పోద్దన్నారు. ఇంటికొచ్చి చూస్తే కుడివైపు షిఫ్ట్ వేలిగోరంత ఉంది, దాని పక్కనే పైకి వెళ్లే బాణం. షిఫ్ట్ నొక్కుదామనుకున్న ప్రతిసారీ కర్సర్ పై లైనులోకి ఎగిరి కూర్చునేది. పైగా బ్లూటూత్‌ది కదా, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోయి, మళ్లీ మొదలుపెడితే మొదటి రెండు అక్షరాలు మింగేసేది. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. టాబ్లెట్ అంచున రాగి చుక్కల్లాంటి పిన్నులుండి వాటికి అతుక్కునే కీబోర్డులకి ఈ నిద్ర జబ్బు ఉండదు, చార్జింగూ అక్కర్లేదు. దొరికితే అవే తీసుకోండి.

ఇంకో పరీక్ష, షాపులోనే కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుని చూడండి. బల్ల మీద అన్నీ బాగానే ఉంటాయి. పినాకిని రైల్లో మన ముందు బల్ల ఉండదు, ఒళ్లే బల్ల. లాప్‌టాప్‌కి బరువంతా కింద ఉంటుంది, టాబ్లెట్‌కి బరువంతా తెర వైపే. వెనక కాలు లాంటి స్టాండు ఉన్న కేసైతే ఆ కాలు మోకాలి దాకా వస్తుంది, బండి కుదుపుకి మోకాలు కాస్త కదిలితే మొత్తం వెనక్కి వాలి పడుకుంటుంది. ఒకసారి బిట్రగుంట దాటాక ఎదురు సీట్లో పెద్దావిడ ఒళ్లో పడింది నాది. ఆవిడే తుడిచి ఇచ్చింది పాపం.

ఏది కొనాలంటే, మూడు రకాలు. ఆండ్రాయిడ్‌లో తక్కువ రేటుకి దొరుకుతాయి, కనీసం 8 జీబీ ర్యామ్ చూసుకోండి. శామ్‌సంగ్ వాటిలో డెక్స్ అని కంప్యూటర్ లాంటి తెర వస్తుంది, టాబ్లెట్లలో 2018 నుంచి ఉంది, కానీ అన్ని మోడళ్లలో ఉండదు, అడిగి చూడండి. టీవీకో పెద్ద మానిటర్‌కో తగిలించాలని మీకుంటే ఇంకొకటి అడగాలి: టైప్-సి రంధ్రం అన్నింటికీ ఒకేలా కనిపిస్తుందిగానీ చౌక టాబ్లెట్లలో చాలావాటికి అందులోంచి బొమ్మ బయటికి రాదు. ఐప్యాడ్ మంచిదే, 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26తో కిటికీలు కంప్యూటర్‌లో లాగే జరుపుకోవచ్చు కూడా. కానీ ఆ ఏడాది మార్చిలో వచ్చిన మామూలు ఐప్యాడే అప్పట్లో 34,900 రూపాయలు, దానికి వాళ్ల సొంత కీబోర్డు కేసు దాదాపు పాతిక వేలు, కలిపితే అరవై వేలు. ఆ డబ్బుకి మంచి లాప్‌టాప్ వస్తుంది. వేరే కంపెనీ కీబోర్డు వేసుకుంటేనే దాని లెక్క కుదిరేది.

మూడోది విండోస్ టాబ్లెట్. టాలీ, టోకెన్, ప్రింటరు అన్నీ ఉన్నవాళ్లు చూడాల్సింది ఇదే. ఇందులో ఒక పాత కథ ఉంది. 2012లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ఆర్‌టీ అని తెచ్చింది, చూడటానికి విండోసే, కానీ మామూలు విండోస్ సాఫ్ట్‌వేర్లు ఎక్కేవి కాదు. జనం కొనలేదు, మరుసటి ఏడాది 90 కోట్ల డాలర్లు నష్టం కింద రాసుకున్నారు. ఇప్పటి స్నాప్‌డ్రాగన్ చిప్పు విండోస్ మెషీన్లు అంత అధ్వానం కాదు, మామూలు సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడుస్తాయి, కానీ ప్రింటర్లకీ టోకెన్లకీ వాటి కోసమే చేసిన డ్రైవర్ ఉండాలి. పాత వస్తువులున్నవాళ్లు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చిప్పుది తీసుకుంటే నిద్ర పడుతుంది.

వేడి గురించి చెప్పకుండా ఉండలేను, మనది నెల్లూరు. టాబ్లెట్లలో చాలావాటికి ఫ్యాను ఉండదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాడమని యాపిలే చెబుతుంది. రోహిణి కార్తెలో మన దగ్గర ఆ 35 అన్నది మధ్యాహ్నం కాకముందే దాటిపోతుంది. బావమరిది టాబ్లెట్ కొన్న మొదటి నెలలో దాన్ని గుంట కట్ట మీద మేత బస్తాల పైన ఎండలో పెట్టి చెక్ ట్రే చూడటానికి వెళ్లాడు. వచ్చి చూస్తే తెర మసకబారి, వేడెక్కింది చల్లారనివ్వండి అని రాసి ఉంది. తడి చేత్తో ముట్టుకుంటే ఇంకా విచిత్రం, వేలు ఒకచోట పెడితే ఇంకోచోట నొక్కినట్టు పోతుంది, 12 అని కొట్టబోతే 112 పడింది. ఇప్పుడు అక్కడ మోటారు షెడ్డులో నీడన పెట్టి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, కీబోర్డుతోనే ఎక్కిస్తాడు. లాప్‌టాప్ ఉన్నప్పుడు అంకెలు కాగితం మీద రాసుకొచ్చి రాత్రి కొట్లో ఎక్కించేవాడు, సగం కాగితాలు తడిసిపోయేవి. ఆ ఒక్క పనికే టాబ్లెట్ డబ్బులు గిట్టాయంటాడు.

చివరిగా పాత లాప్‌టాప్. షాపులో ఎక్స్‌ఛేంజ్ కింద రెండు మూడు వేలంటారు, ఇవ్వకండి. అది విండోస్ 10 అయితే 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది కాబట్టి దాంట్లో బ్యాంకు పనులు మానేసి, అవి టాబ్లెట్‌లో చేసుకోండి. టాలీకీ ప్రింటుకీ అది చాలు. బావమరిది లాప్‌టాప్‌కి మడత విరిగిందిగానీ తెర బాగానే ఉంది కదా, రిపేరు చేయించకుండా కొట్లో గోడకి ఆనించి, ప్రింటర్‌కి తగిలించి, ఆన్‌లోనే ఉంచాం. నేను కావలి నుంచి దాంట్లోకే వెళ్లి బిల్లులు చూస్తాను. మొన్నొకరోజు ఎంతకీ స్పందించడం లేదేమని ఫోన్ చేస్తే, దుమ్ము పడుతోందని మేత ఖాళీ బస్తా కప్పి ఉంచారట. అది వేడెక్కి ఆగిపోయింది. బస్తా తీయించి, గాలి ఆడేలా కింద రెండు ఇటుక ముక్కలు పెట్టమన్నాను.